పూవు ఎవరిది?

ఇంటి ప్రహరీగోడ ప్రక్కన నందివర్ధనపు మొక్కను పెంచుకొనుట తెలుగునాట ఎన్నో గృహములలో వాడుక. వేకువనే స్నానము చేసి గృహస్థుడు పూలసజ్జతో చెట్టు కడకు వచ్చును. వీధివైపు వంగిన కొమ్మలు అప్పటికే బోసిగా నుండును. తన ఇంటి పూజకై ఎవరో తెల్లవారకముందే కోసికొనిపోయినారు. మిగిలిన నాలుగు పూలతో అతడు పూజకు కూర్చుండును. నోట నామములు నడుచుచుండును. మనస్సు మాత్రము గోడ కడనే యుండును. నేను నాటితిని, నేను నీరు పోసితిని, ఆ పూలు నావి అను తలపు అర్చన ముగియువరకు అతనిని విడువదు.

ఇది అల్ప విషయమువలె తోచును. కాని ఇందొక పెద్ద ప్రశ్న కలదు. భగవంతుని కొరకు పెంచిన పూవు ఎవరిది?

ముందుగా పెంచినవాని పాలెంతో చూడవలెను. నందివర్ధనమును కొమ్మ నాటి పెంచుట వాడుక. వానలు పడిన పిమ్మట, మరీ లేతది గాక మరీ ముదిరినది గాక, జానెడు కొమ్మను కణుపు క్రింద కోసి, కారు పాలు ఆరిన పిదప, అడుగు ఆకులు తీసి, ఇసుక కలిసిన మట్టిలో గ్రుచ్చుదురు. కొన్ని వారములకు అది వేళ్లు పట్టును. ఎండ తగులుచోట పూత హెచ్చు. కొద్దిపాటి నీడకును ఓర్చును. కుదురులో నీరు నిలిచినచో ఆకులు పసుపుబారును. కావున నీరు పోయుట ఎంత ముఖ్యమో, నిలువకుండ చూచుటయు నంత ముఖ్యము. పూత తగ్గినపుడు కొమ్మల కొనలు కత్తిరించి, మాగిన పశువుల ఎరువు వేసినచో, ప్రక్కల నుండి క్రొత్త చిగుళ్లు వచ్చి చెట్టు గుబురగును. మరల మొగ్గ తొడుగును.

ఇందు మానవుడు చేసినది త్రవ్వుట, పోయుట, కత్తిరించుట. కోసిన కొమ్మలో వేరు పుట్టించు శక్తిగాని, కత్తిరించినచోట చిగురు వేయించు శక్తిగాని అతడిచ్చినది కాదు. అతని శ్రమ సత్యమే, దానిని కాదనరాదు. అయితే ఆ శ్రమవలన అతనికి లభించినది పూవుపై అధికారమా, సేవ చేయు భాగ్యమా?

ఈ ప్రశ్నకు తిరుమల కొండపై ఒక సమాధానము కలదు. శ్రీరంగమున భగవద్రామానుజులు, తిరుమలకేగి స్వామికి పుష్పకైంకర్యము చేయగలవారెవరని శిష్యులను అడుగగా, కొండమీది చలికిని కష్టములకును వెరచి అందరు మిన్నకుండిరి. అనంతాళ్వారులొక్కరే లేచిరి. వారు కొండపై పూదోట వేసి, దానికి నీటికై చెరువు త్రవ్వ నారంభించిరి. తాము త్రవ్వుచుండగా, నిండుగర్భిణియైన వారి ధర్మపత్ని మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి తానును మోయుదునని అడిగెను. వలదని వారించినను ఆమెకు చాటుగా సాయపడుచుండెను. అది తెలిసి కినిసిన అనంతాళ్వారులు గునపము విసరగా బాలుని గడ్డమునకు గాయమయ్యెను. బాలుడు ఆలయములోనికి పరుగెత్తి కనబడకపోయెను. పిదప గర్భాలయమున స్వామివారి గడ్డము నుండి నెత్తురు కారుట చూచిరి. అచట పచ్చకర్పూరము నుంచు ఆచారము ఆనాటిదని పెద్దలందురు. మహాద్వారమున గోడకు వ్రేలాడు గునపమును యాత్రికులు నేటికిని దర్శించుచున్నారు.

ఈ కథను స్వామి సౌలభ్యమునకు ఉదాహరణముగ చెప్పుదురు. దానియందు తోటవానికి మరియొక హెచ్చరికయు కలదు. ఆ మహనీయునికి ధనముపై ఆశ లేదు, కీర్తిపై ఆశ లేదు. గురువు ఆజ్ఞాపించిన కైంకర్యము తమదే కావలెనని, అన్యులకు అందు పాలు లేదని మాత్రమే తలచిరి. ఇల్లు నాది, పొలము నాది అను భావమును విడిచినవానిలోను, ఈ సేవ నాది అను భావము మిగిలియుండవచ్చును. అది భక్తివలెనే కనబడుటచేత గుర్తించుట కష్టము. పూవునకు యజమానియైనవాడే మట్టి మోయ వచ్చినపుడు ఆ భావము ఆయనను గుర్తింపనీయలేదు.

అయినచో, ఏ పూవును ఎవరిదియు కాదు గనుక గోడదాటి కోయుటలో దోషము లేదా? దోషము కలదు. పూవు నాది కాదు అని పెంచినవాడు అనుకొనుట త్యాగము. పూవు నీది కాదు అని కోయువాడు అనుట చౌర్యమునకు సాకు. అడుగక తెచ్చిన పూవుతో చేయు పూజలో, పొరుగువాని మనస్సునకు కలిగించిన నొప్పియు కలిసియుండును. భక్తితో నర్పించిన పత్రమైనను పుష్పమైనను స్వీకరింతునని గీతయందు భగవానుడు చెప్పెను. సజ్జ నిండవలెనని చెప్పలేదు. అడిగి తెచ్చిన ఒక్క పూవు చాలును. అదియు లేనిచో ఒక తులసీదళము చాలును.

ఆ చెట్టునకు మరియొక అతిథియు కలదు. గన్నేరును నందివర్ధనమును తిను ఆకుపచ్చని లావుపాటి పురుగు. తలవైపు రెండు నీలి కన్నులవంటి మచ్చలుండును. అది ఆకులు తినును; ఏపుగా ఎదిగిన చెట్టు మరల చిగిర్చును. లేత మొక్కపై నున్నచో, దానిని పుల్లతో తీసి పెద్ద చెట్టుపైకి చేర్చవచ్చును. గునపము విసరిన అనంతాళ్వారులే, ఒకమారు కొండ దిగిపోయి ఆహారపు మూట విప్పగా అందు చీమలు కనబడినంతనే, కొండపై జన్మింపగోరిన ఏ భక్తులో యని తలచి, వెనుకకు నడచి వానిని కొండపై విడిచిరట. ఆ చేయి అంత మెత్తబడినది.

మథురలో మాలాకారుడైన సుదాముడు శ్రీకృష్ణ బలరాములకు పూమాలలర్పించిన కథ భాగవతమున కలదు. వరము కోరుకొమ్మనగా అతడు తోటను గాని ధనమును గాని కోరలేదు. భగవంతునియందు చలింపని భక్తి, ఆయన భక్తులయెడ మైత్రి, సర్వభూతములయెడ దయ మాత్రమే కోరెను. పూలతో బ్రతుకువాడు కోరిన ఈ మూడును ప్రహరీగోడ ప్రక్కనున్న నందివర్ధనము కడ ప్రతిదినము అవసరపడును. పూవు స్వామిది, గోడ కావల నిలిచినవాడు ఆ స్వామి భక్తుడు, ఆకు తిను పురుగు స్వామి సృష్టి.

తిరుమల పుష్పమండపము. అచ్చటి పూవులన్నియు స్వామివే యని కొండపై ఎవరును పూలు ధరింపరు. కొండ ఎక్కుటకు ముందు సిగలోని పూలు తీసివైచిన గృహిణి, ఇంటికి మరలిన పిదప ఆ నియమమును తన పెరటిలోను కొంత నిలుపుకొనవచ్చును. వీధివైపు కొమ్మ పూలను పొరుగింటి పూజకని విడిచి, "అమ్మా, ఇకమీదట అడిగి కోసికొనుడు, నేనే కోసియిత్తును" అని చెప్పినచో, మరునాడు ఆమె పూజలో మనస్సు గోడ కడకు పోదు.