ఆ ‘సరే’ ఎవరిది?

పెండ్లికి ప్రాణం సమ్మతి. వధూవరుల సమ్మతికి బదులుగా మరే మానవాధికారమూ నిలువజాలదని శ్రీసభ చట్టం 1057వ సూత్రం చెబుతున్నది. తీవ్రమైన భయం వల్ల చేసుకున్న పెండ్లి, ఎదుటివారు కావాలని భయపెట్టకపోయినా, చెల్లదని 1103వ సూత్రం. చదవటానికి తేలికే. కాని కౌతాళం, కోసిగి పల్లెల్లో పదహారేండ్ల పిల్ల తల వంచుకొని “సరే” అంటుంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అది సమ్మతేనా?

ఇటువంటి చిక్కునే అరిస్టాటిల్ మరో రూపంలో ఎత్తుకున్నాడు. తుపానులో ఓడ మునగబోతుంటే నావికుడు సరుకును సముద్రంలో పారేస్తాడు. ఇష్టపడి పారేశాడా, ఇష్టం లేకనా? రెండూ కలిసిన పని అది. ఆ క్షణాన ఎంచుకున్నది అతడే. తుపాను లేకుంటే ఎంచుకునేవాడు కాడు.

మన ప్రాంతపు తుపాను పేరు సుగ్గి. దీపావళి దాటితే మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు తరలిపోతాయి. ఎదిగిన పిల్లను అవ్వ దగ్గర వదిలి వెళ్లటానికి తండ్రికి ధైర్యం చాలదు. మేనమామకిచ్చి చేస్తే దిగులు తీరుతుందనుకుంటాడు. అతడు దుర్మార్గుడు కాడు. అయితే నావికుడు పారేసింది సరుకును, ఇక్కడ పారేస్తున్నది మనిషిని. ఆ పిల్లకా, ‘వద్దు’ అంటే నిలబడటానికి చోటు లేదు. చోటు లేనివారి ‘సరే’ను సమ్మతి అనటానికి నాకు మనసొప్పదు.

ఆ చోటు ఒక్కరు చూపగలిగేది కాదు. 2023లో ఆదోని మండలంలో ఒక బాలికకు పదో తరగతి కాగానే పెండ్లి చేయబోయారు. చదువుకుంటానని, గడప గడపకు తిరుగుతూ వచ్చిన ఎమ్మెల్యేకు ఆమే చెప్పుకున్నది. జిల్లా కలెక్టరు కలగజేసుకున్నారు. కస్తూర్బా బాలికా విద్యాలయంలో సీటు దొరికింది. 2024 ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాలలో ఆమె మార్కుల గురించి పత్రికలన్నీ రాశాయి. విన్నవారుండి సీటు లేకపోతే? సీటు ఉండి వినేవారు లేకపోతే?

2006 చట్టం ప్రకారం బాల్యవివాహాన్ని మేజిస్ట్రేటు ముందుగానే ఆపవచ్చు. ఆ ఉత్తర్వును మీరి చేసిన పెండ్లి చెల్లనే చెల్లదు. జరిపించినవారికీ శిక్ష ఉన్నది (గురువులం మనమూ గుర్తుంచుకోవాలి). కాని ఉత్తర్వు అన్నం పెట్టదు. 1098కి ఫోను వెళ్లి పోలీసులు వచ్చి ఆపినా, రాత్రికి పిల్ల పడుకోవలసింది అదే ఇంట్లో. ముహూర్తాన్ని సరిహద్దు దాటించి సిరుగుప్పకు మార్చితే ఇక్కడి అధికారి ఒక్కడే ఏం చేస్తాడు?

పెండ్లయి దెబ్బలు తింటున్న ఇల్లాలి మాటా ఇంతే. “సర్దుకుపో తల్లీ” అనే పెద్దలు 1153వ సూత్రం చదవాలి. భాగస్వామి వల్ల దేహానికి గాని, ఆత్మకు గాని తీవ్ర ప్రమాదం ఉంటే వేరుగా ఉండటానికి అది న్యాయమైన కారణం. ఆలస్యమే ప్రమాదమైతే అనుమతి కోసం ఆగనక్కరలేదు. 181కి ఫోను చేస్తే సఖి కేంద్రానికి దారి దొరుకుతుంది. అక్కడ ఐదు రోజుల వరకు ఉండవచ్చు. ఆరో రోజుకు వకీలు కావాలి, కూలిపని కావాలి, పిల్లలకు బడి కావాలి, ఆమె పక్షాన నిలబడే పుట్టిల్లో మఠకన్యల ఇల్లో కావాలి.

సుగ్గికి ఏ కుటుంబం వెళ్తున్నదో, ఏ ఇంట ఆడపిల్ల మిగిలిపోతున్నదో ఊళ్లో టీచరుకు తెలుసు, అంగన్‌వాడీ కార్యకర్తకు తెలుసు, మన ఉపదేశికీ తెలుసు. ముగ్గురూ కూర్చొని ఆ పేర్లు రాసి, బండ్లు కదలకముందే హాస్టలు సీట్లు అడగటానికి ఒక సాయంత్రం పడుతుంది.