చూశాను అనే మాట

మా నాన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. అంటే గెజిటెడ్ ఆఫీసర్. అంటే మా వీధిలో ఉద్యోగాలకీ అడ్మిషన్లకీ అప్లై చేసే ప్రతివాళ్లూ జెరాక్సు కాగితాలు పట్టుకుని మా ఇంటికి రావాల్సిందే. పొద్దున్నే నాన్న కాఫీ తాగకముందే అరుగు మీద ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉండేవాళ్లు. ఒక రబ్బరు స్టాంపు, ఆకుపచ్చ ఇంకు పెన్ను. నకలు అసలుతో సరిపోయిందని సంతకం.

నాన్నకి ఒక చాదస్తం ఉండేది. ఒరిజినల్ చూడందే సంతకం పెట్టేవాడు కాదు. ఊళ్లో మిగతా ఆఫీసర్లు కబుర్లు చెబుతూనే పదేసి కాగితాల మీద గీకేసేవాళ్లు. అమ్మ విసుక్కునేది: “ఎదురింటి పిల్లాడే కదండీ, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాం. పెట్టేసి పంపకూడదూ?”

“పిల్లాణ్ణి చూశాను. మార్కుల లిస్టు చూడలేదు కదా” అనేవాడు నాన్న.

ఇన్నేళ్ల తర్వాత నేనూ ఒకరకంగా అదే పని చేస్తున్నాను. హైదరాబాదులో ఒక పరిశోధనా బృందానికి సాఫ్ట్‌వేర్ సర్దిపెట్టడం నా ఉద్యోగం. మావాళ్లు రుతుపవనాల మీద పనిచేస్తారు. వాళ్లు వాడే వాతావరణ మోడల్ డబ్ల్యూఆర్ఎఫ్. అదొక్కటే దించుకుంటే నడవదు. దానికి నెట్‌సీడీఎఫ్ కావాలి. నెట్‌సీడీఎఫ్‌కి హెచ్‌డీఎఫ్5 కావాలి. దాని కింద జెడ్‌లిబ్. ఒకేసారి వందల ప్రాసెసర్ల మీద నడవాలంటే ఎంపీఐ. ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసిగే వెర్షన్లలో ఉండాలి, పొసిగే కంపైలర్లతో కట్టాలి. ఒక్కటి తేడా వస్తే అన్నీ మొరాయిస్తాయి.

ఈ తలనొప్పికి మందుగానే 2013లో కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో స్పాక్ అనే ప్యాకేజీ మేనేజర్ మొదలైంది. అందులో ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ ఒక రెసిపీ ఉంటుంది. పైథాన్‌లో రాసిన చిన్న ఫైలు. సోర్స్ కోడ్ ఎక్కడ దొరుకుతుంది, ఏ వెర్షన్లు ఉన్నాయి, ముందు ఏవేవి కట్టాలి, దీన్ని ఎలా కట్టాలి. ప్రతి వెర్షన్ పక్కనా 64 అక్షరాల చెక్‌సమ్ ఒకటి. సోర్స్ ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ 64 అక్షరాలూ గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. దించిన ఫైలు చెక్‌సమ్‌తో సరిపోలకపోతే స్పాక్ అక్కడే ఆగిపోతుంది. రెసిపీలో మెయింటెయినర్ల పేర్లు రాసే చోటు కూడా ఉంటుంది. మా ల్యాబ్ కోసం విడిగా ఉంచుకున్న రెసిపీల్లో ఆ చోట నా పేరే ఉంది. నా ఆకుపచ్చ సంతకం అది.

2023 జనవరి 30. బాగా పొద్దుపోయింది. మా పీహెచ్‌డీ అమ్మాయి మెసేజ్ పెట్టింది. “అన్నా, కొత్త నోడ్ మీద ఇన్‌స్టాల్ అవట్లేదు. చెక్‌సమ్ తప్పంటోంది.” తనకి పేపరు గడువు రెండు రోజులే ఉంది. చూస్తే, ఒక చిన్న లైబ్రరీ. వెర్షన్ అదే, అడ్రస్ అదే. చెక్‌సమ్ మాత్రం వేరు.

ఇలా జరిగితే రెండే అర్థాలు. ఏదో అమాయకమైన కారణంతో ఫైలు మారింది. లేదా ఎవరో కావాలని మార్చారు. ఏదన్నది తేల్చడం పెద్ద విద్యేమీ కాదు. మా సర్వర్లో పాత కాపీ ఉంది. రెండూ విప్పి, పక్కపక్కన పెట్టి పోల్చడమే. అరగంట పని.

నేనా అరగంట పెట్టలేదు. పాత నంబరు చెరిపి కొత్త నంబరు అతికించాను. ఇన్‌స్టాల్ అయింది. ఆకుపచ్చ టిక్కు. “అయిపోయింది, నడుపుకో” అన్నాను.

“ఎందుకు మారిందన్నా? చూశావా?”

“చూశాను. ఏం లేదు.”

తెల్లారాక అసలు సంగతి తెలిసింది. ప్రపంచంలో సగం మంది కోడ్ పెట్టుకునే పెద్ద సైటు ఒకటి ఫైళ్లని కుదించే పద్ధతి మార్చింది. లోపలి కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, పైనున్న మూట కట్టిన తీరే మారింది. అన్ని వైపుల నుంచీ గోల మొదలయ్యేసరికి కొన్ని గంటల్లోనే పాత పద్ధతికి వెళ్లిపోయారు. దాంతో పాత నంబరే మళ్లీ ఒప్పయింది, నేను పెట్టింది తప్పయింది. ఎవరికీ చెప్పకుండా పాతది తిరిగి పెట్టేశాను. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

కానీ ఆ “చూశాను” నన్ను వదల్లేదు.

1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు నైతిక అదృష్టం గురించి రాశారు. బ్రేకులు చెక్ చేయించుకోకుండా బండి తీసినవాళ్లు ఇద్దరున్నారనుకోండి. ఒకడికి దారిలో పిల్లాడు అడ్డొచ్చాడు. రెండోవాడికి ఎవరూ రాలేదు. ఇద్దరి నిర్లక్ష్యమూ ఒకటే. కానీ మొదటివాణ్ణి జీవితాంతం నిందిస్తాం, రెండోవాడు ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటాడు. ఆ రాత్రి నేను ఆ రెండోవాణ్ణి. మూటలో ఏముందో నాకు తెలీదు. మంచిదే ఉండటం నా గొప్ప కాదు.

ఏడాది తిరిగాక, 2024 మార్చి 29న, ఆ మొదటివాడి కథ బయటపడింది. ఎక్స్‌జెడ్ అని ఒక కంప్రెషన్ లైబ్రరీ ఉంది. లినక్స్ ఉన్న ప్రతిచోటా దాదాపు అదీ ఉంటుంది. ఏళ్లుగా ఒక్క మనిషే ఖాళీ సమయంలో దాన్ని చూసుకుంటూ వచ్చాడు. మధ్యలో ఆరోగ్యం బాగాలేదని చెప్పుకున్నాడు. పని నెమ్మదిగా ఉందని, ఇంకెవరికైనా అప్పగించమని కొన్ని పేర్లు అతన్ని వేధించాయి. అదే సమయంలో ఒక మంచి సహాయకుడు దొరికాడు. ఓపిగ్గా రెండేళ్లకి పైగా పనిచేసి నమ్మకం సంపాదించాడు. 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగ తలుపు పెట్టాడు. దాన్ని నడిపించే ముక్క అందరికీ కనిపించే కోడ్‌లో లేదు, విడుదల చేసిన మూటలోని బిల్డ్ స్క్రిప్టులో దాచాడు. లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఒక ఇంజినీరు తవ్వుకుంటూ పోతే దొరికింది. ఆ అర సెకనుని పట్టించుకోకపోయి ఉంటే?

ఇక్కడ నన్ను భయపెట్టింది వేరే సంగతి. ఆ విడుదలకి చెక్‌సమ్ చక్కగా సరిపోతుంది. దొంగ మూటకి దొంగ మూట నంబరే ఒప్పు. చెక్‌సమ్ చెప్పేది ఒకటే మాట: నువ్వు దించుకున్నదీ, మెయింటెయినర్ ఆరోజు దించుకున్నదీ ఒకటే. అది మంచిదా చెడ్డదా అన్నది దానికి తెలీదు. ఆ మాట మనిషి చెప్పాలి. ఆ మనిషి నాలాంటివాడు.

అలాగని ప్రతి మెయింటెయినరూ ప్రతి వరసా చదవాలనడం నోటితో చెప్పినంత తేలిక కాదు. మా మోడల్ కింద ఉన్న కోడ్ అంతా చదవాలంటే ఒక జన్మ చాలదు. చాలామంది జీతం లేకుండా, రాత్రిళ్లు, పిల్లలు పడుకున్నాక చేసే పని ఇది. ఎక్స్‌జెడ్ మనిషిని విరిచేసింది కూడా “ఇంకా ఎప్పుడు చేస్తావ్” అని మీదపడిన తొందరే. ఆ రాత్రి నన్ను అబద్ధంలోకి తోసిందీ అలాంటి తొందరే. కాకపోతే తొందర తోసింది, అబద్ధం నేనాడాను.

నాన్న చాదస్తానికీ ఒక ఖరీదు ఉంది. ఒకసారి ఒక అబ్బాయి వచ్చాడు. ఫీజు బాకీ ఉందని కాలేజీవాళ్లు ఒరిజినల్స్ ఇవ్వలేదట. నాన్న అలవాటు ప్రకారం వెనక్కి పంపేశాడు. ఆ అప్లికేషన్ చివరి తేదీ మర్నాడని తర్వాత తెలిసింది. రిటైరయ్యాక ఒకరోజు నాన్నే ఆ విషయం ఎత్తాడు. “సంతకం పెట్టకపోవడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ కాలేజీ రెండు కిలోమీటర్లే. వాడితో వెళ్లి చూసి రావచ్చు కదా. ఆ రెండు కిలోమీటర్లూ నేను ఎగ్గొట్టాను.”

నాన్నవి రెండు కిలోమీటర్లు, నాది అరగంట. ఆయన ఎగ్గొట్టి “పెట్టను” అన్నాడు. నేను ఎగ్గొట్టి “చూశాను” అన్నాను. ఆయన మాట వల్ల ఒకడికి నష్టం జరిగింది, నా మాట వల్ల ఎవరికీ జరగలేదు. అయినా ఆ సంతకాన్ని నమ్మగలను, నాదాన్ని నమ్మలేను. ఎందుకంటే ఆయన సంతకం ఉన్నచోట ఏం జరిగిందో నాకు తెలుసు.

నేను ఇవ్వగలిగిన పూచీ “ఇది మంచిది” అని కాదు. అంత శక్తి ఎవరికీ లేదు. ఎంతవరకు చూశానో అంతవరకే చెప్పడం, చూడనిదాన్ని చూడలేదనడం, అంతే. “చూడలేదు” అన్నా అవతలివాళ్లకి ఒక దారి మిగులుతుంది. వాళ్లే చూసుకోవచ్చు, ఆగవచ్చు, తెలిసే ముందుకి వెళ్లవచ్చు. “చూశాను” అన్న అబద్ధం ఆ దారి మూసేస్తుంది. నేను చూశానని చెప్పాక ఇక ఎవరూ చూడరు.

ఎక్స్‌జెడ్ వార్త వచ్చిన వారంలో ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. అప్పటికి తన థీసిస్ కూడా అయిపోయింది. నవ్వింది.

“నాకు తెలుసన్నా. రెండు నిమిషాల్లో సరిచేసి ఇచ్చావ్. రెండు నిమిషాల్లో ఎవరు చూస్తారు?”

తిట్టి ఉంటే బాగుండేది. నా మాటని తను అప్పుడే లెక్కలోంచి తీసేసిందన్నమాట, నేనేమో ఏడాదిపాటు అది దాచుకున్నాను.

ఇప్పుడు చెక్‌సమ్ మార్చిన ప్రతిసారీ కింద ఒక వరస రాస్తాను. “పాత మూట, కొత్త మూట విప్పి పోల్చాను, తేడా లేదు” అని. తీరిక లేకపోతే “నంబరు మాత్రమే మార్చాను, లోపల పోల్చలేదు” అని. పోయిన నెల అందరూ వాడే రెసిపీ ఒకదానికి ఆ రెండో రకం వరసతో మార్పు పంపాను. నాలుగు రోజులు ఎవరూ ముట్టుకోలేదు. ఐదో రోజు ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో జవాబు రాశారు. “నేను పోల్చాను. రీడ్‌మీలో ఒక తేదీ తప్ప తేడా లేదు.” అది నిజమో కాదో నాకెలా తెలుస్తుంది?

ఆ రాత్రి కూర్చుని నేనూ పోల్చాను. రీడ్‌మీలో ఒక తేదీ.