శూన్యసింహాసనము - సభను నడపు సాధన

శ్రీ గురు బసవలింగాయ నమః



ఏకాంతమున ఇష్టలింగమును కరస్థలమందుంచుకొని కూర్చున్న భక్తునకు మనస్సు నిలుచుట కష్టమే. పదిమంది నడుమ కూర్చున్నప్పుడు నిలుచుట అంతకంటె కష్టము. ఇంటిలో గంటసేపు పూజచేసి శాంతముగా లేచినవాడే, సంఘపు సమావేశమున తన మాటకు ఎవరైనా అడ్డుచెప్పిన యెడల క్షణములో ఆ శాంతమును పోగొట్టుకొనును. కాబట్టి భక్తికి నిజమైన పరీక్ష జరుగునది సభయందు. పన్నెండవ శతాబ్దపు శరణులు ఈ సంగతిని బాగుగా ఎరిగినవారు. అందువలననే వారు గోష్ఠిని సాధనలో ఒక అంగముగా చేసికొనిరి.

కలచురి బిజ్జలుని కొలువులో మంత్రిగా, భండారిగా ఉన్న బసవేశ్వరుడు కల్యాణనగరమున శరణులను కూడగట్టెను. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. ఆ గోష్ఠికే అనుభవమంటపమని ప్రసిద్ధి. అచ్చటికి వచ్చినవారు ఎవరు? బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, చెప్పులు కుట్టు హరళయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, రాలిన బియ్యపు గింజలేరుకొని జీవించు ఆయ్దక్కి మారయ్య, అతని యిల్లాలు లక్కమ్మ. వీరిని రాజు పిలిపించలేదు, కులము పంపలేదు. తమ ప్రశ్నతో తామే వచ్చిరి.

ఇచట గమనింపవలసిన విషయమొకటి కలదు. మంటపమును నెలకొల్పినవాడు బసవేశ్వరుడు. పదవి గలవాడు, ధనము చేత నున్నవాడు ఆయనయే. అయినను అధ్యక్షపీఠమున ఆయన కూర్చుండలేదు. ఆ పీఠమును అల్లమప్రభువున కిచ్చి, తాను శరణులలో ఒకడై క్రింద కూర్చుండెను. ఆ పీఠమునకు శూన్యసింహాసనమని పేరు. శూన్యమనగా ఏమియు లేకుండుట కాదు. 'నేను' అనునది లేకుండుట. సభను పిలిచినవాడు సభకు యజమానుడు కాడు. సభకు చోటు కల్పించు దాసుడు. అన్నము పెట్టుట దాసోహమైనట్లే, పదిమంది మాటకు చోటు పెట్టుటయు దాసోహమే.

అయితే పీఠము శూన్యమైనంత మాత్రమున అధ్యక్షుడు మౌనముగా కునుకుపాట్లు పడుచుండెనని తలపరాదు. ఆ గోష్ఠులను సంభాషణరూపమున కూర్చిన 'శూన్యసంపాదన' అను కన్నడ గ్రంథము 15వ శతాబ్దమున వెలువడినది. అందులో అల్లముడు అడుగు ప్రశ్నలు కత్తివాదరవలె నుండును. అక్కమహాదేవి కల్యాణమునకు వచ్చినప్పుడు, నీ పతి యెవరని, దేహాభిమానమును విడిచినదానవు కేశములతో దేహము నేల కప్పుకొంటివని ఆయన అందరి యెదుట అడిగెను. అది ఆమెను అవమానించుటకు కాదు. ఆమె లోపలి అనుభవము ఆమె నోటనే వెలువడుటకు. ఆమె జంకక సమాధానము చెప్పెను. చెప్పినపిమ్మట ఆ సభయే ఆమెకు తలవంచెను. జవాబును తన యొద్ద దాచుకొని అడుగువాడు పరీక్షాధికారి. జవాబు ఎదుటివారి యొద్ద ఉన్నదని నమ్మి అడుగువాడు ప్రభువు.

మారయ్య లక్కమ్మల వృత్తాంతము మరియొక పాఠము. తత్త్వచర్చలో మునిగిన మారయ్య కాయకమును మరచెను. లక్కమ్మ వచ్చి, పని నిలిచిపోయినదని హెచ్చరించి ఆయనను పంపెను. సభ ఎంత గొప్పదైనను కాయకమును మ్రింగరాదు. లేచిపోవలసినవాడు లేచిపోవుట సభకు అవమానము కాదు. వెళ్లినవానిపై కోపగించు నిర్వాహకునకు సభమీద కంటె తన పేరుమీదనే మక్కువ ఎక్కువని తెలియవలెను.

ఈ ధర్మము కల్యాణముతో ముగిసినది కాదు. తెలంగాణములోనే దీనికి దృష్టాంతము కలదు. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబాభావే నల్లగొండ ప్రాంతపు పోచంపల్లికి వచ్చినప్పుడు, అచ్చటి హరిజనులు తమకు ఎనుబది ఎకరముల భూమి కావలెనని వేడిరి. ప్రభుత్వమునకు విన్నవింతునని చెప్పి ఆయన వెడలిపోయి యుండవచ్చును. కాని ఆయన ఆ ప్రశ్నను కూడియున్న గ్రామస్థుల ముందే ఉంచెను. ఈ పని ఇచ్చటివారు చేయలేరా అని అడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరములు ఇత్తుననెను. వినోబా చేతిలో సెంటు భూమి లేదు. ఉన్నది ఒక ప్రశ్న మాత్రమే. ఇందు హెచ్చరికయు కలదు. భూదానముగా వచ్చిన భూములలో సాగుకు పనికిరానివి, పంపకము కానివి, వివాదములలో చిక్కినవి అనేకములు. సభలో పుట్టిన మాటను కార్యము వరకు మోయువారు లేనియెడల ఆ మాట గాలిలో కలిసిపోవును.

దూరదేశమున సయితము ఈ భావము కనబడినది. అమెరికాకు చెందిన హారిసన్ ఓవెన్, 1985 నుండి ఒక సభాపద్ధతిని వ్యాపింపజేసెను. అందరును వలయముగా కూర్చుందురు. కార్యక్రమపత్రము ముందుగా ఉండదు. ఎవరికి ఏ విషయమున తపన కలదో వారు లేచి దానిని ప్రకటింతురు. కోరినవారు వారితో చేరుదురు. తనవలన ఉపయోగము లేని చోట ఎవరును బలవంతముగా కూర్చుండనక్కరలేదు. ఆ పద్ధతిలో నిర్వాహకుడు చేయు ప్రధానకార్యము అడ్డు తొలగియుండుటయే. కల్యాణమును ఎరిగినవారికి ఇది పరాయిమాటగా తోచదు.

ఇక బౌరంపేట్ వంటి ఊరిని తలచుకొనుడు. 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని ఈ గ్రామము ఒకప్పుడు పొలములతో నుండెను. నేడు బాహ్యవలయ రహదారి సమీపమున ఇండ్ల వరుసలతో పెరుగుచున్నది. తరతరములుగా ఉన్న కుటుంబము ఒక వీధిలో, నిన్న వచ్చిన ఉద్యోగి మరియొక వీధిలో, గోడలు కట్టు కూలీ ఆ ప్రక్క గుడిసెలో. త్రాగునీరు, మురుగుకాలువ, చెరువు, పిల్లల చదువు అందరివి. కాని అందరును కూర్చుండు చోటు ఏది? కూర్చున్నను ఇద్దరు మాటలాడుదురు, ఇరువదిమంది విందురు, మిగిలినవారు మరునాడు రారు. ఇట్టి చోట ఒక్క భక్తుడు సభను సాధనగా చేపట్టిన యెడల, అది ఆ ఊరికి చేసిన జంగమార్చనయే యగును.

ఆ సాధన ఎట్లు? సభకు ముందు అతడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను: 'తీర్మానము నా మనస్సులో ఇదివరకే సిద్ధమై యున్నదా?' ఉన్నయెడల అది సభ కాదు, సంతకముల సేకరణ. స్థలమును తానే ఊడ్చి, చాపలు గుండ్రముగా పరవవలెను. వేదిక ఉన్నచోట పెద్దరికము దానంతట అదే ఎక్కి కూర్చుండును. ప్రశ్నను చిన్నదిగా, స్పష్టముగా అడిగి ఊరకుండవలెను. ఆ నిశ్శబ్దము భరింపరానిదిగా తోచును. దానిని తన మాటతో నింపుటయే మొదటి పతనము. మాటలాడని కూలిస్త్రీ వైపు ఆదరముతో చూచి, ఆమె మాట పూర్తియగు వరకు ధనికుని చేయి ఎత్తనీయరాదు. ఇచట మెత్తదనము పనికిరాదు. అల్లముని వాడి కావలెను. ముగింపున ఎవరు ఏ పని చేయుదురో వ్రాయించి, అందరికిని చదివి వినిపింపవలెను. తెలుగునాట స్త్రీల పొదుపు సంఘములు క్రమము తప్పని సమావేశమును, సరియైన లెక్కల పుస్తకమును తమ నియమములలో చేర్చుకొనుటలోని రహస్యమిదే.

షట్స్థలములలో ప్రసాదిస్థలమొకటి. లభించినదానిని ప్రసాదముగా స్వీకరించుట దాని లక్షణము. తాను కోరినది కాక వేరొకటి సభ నిర్ణయించినప్పుడు, దానిని చేదు లేకుండ స్వీకరింపగలిగినవాడు ఆ మేరకు ప్రసాది. లోలోపల రగులుచున్నవాడు ఎన్ని వేళలు లింగార్చన చేసినను ఆ మెట్టు ఎక్కలేదు.

సమానముగా కూర్చుండుట సుఖమైన పని యని ఎవరును భ్రమపడరాదు. మంటపమున ప్రక్కప్రక్కన కూర్చున్న హరళయ్యయు, బ్రాహ్మణకులమున పుట్టిన మధువరసును వియ్యమందినప్పుడు, ఆ సమానత్వము వీధిలోనికి వచ్చినది. రాజు వారిరువురికిని మరణదండన విధించెను, కల్యాణము చెదరిపోయినది. శరణులు మూల్యము చెల్లించిరి గాని గోష్ఠిలో పలికిన మాటను ఇంటిలో మార్చలేదు. నేటి భక్తునకు ప్రాణము నీయవలసిన పని లేదు. పీఠమును ఈయవలెను, మాటను ఈయవలెను, తనదే చెల్లవలెనను పట్టును విడువవలెను. ఇంతమాత్రము చేయుటకును చేతులు వణకును. ఆ వణకు తగ్గుచున్న కొలది లింగము సమీపించుచున్నదని తెలిసికొనుడు.

శరణు శరణార్థి.