సంతకం ఎవరి పక్షం?

ఫ్లాటు కొనబోయేముందు మనం వెంటబెట్టుకు వెళ్ళేది ఎవర్ని? వాస్తు సిద్ధాంతిగారిని. ఫీజు ఇచ్చేది మనమే గనక ఆయన మన మనిషి. ఈశాన్యం తగ్గిందంటే నిర్మొహమాటంగా చెప్పేస్తారు. మరి స్తంభాలు అన్ని అంతస్తుల బరువూ మొయ్యగలవని సంతకం పెట్టే ఇంజనీరు ఎవరి మనిషి? ఆయనకి ఫీజు బిల్డరిస్తాడు. ఆయన ముఖమైనా మనం చూడం. పెళ్ళికొడుకు గుణగణాల గురించి అతని మేనమామనే అడిగి తృప్తిపడ్డట్టు లేదూ!

అలాగని ఇంజనీర్లంతా అబద్ధాలకోరులని కాదు సుమా. ఈయన కాదంటే అవుననేవారు ఇంకొకరు దొరుకుతారు. తర్వాతి పనీ వాళ్ళకే పోతుంది. నిజం చెప్పిన ప్రతిసారీ కూడు పోయేచోట, నిజాయితీగా ఉండమని ఒడ్డున కూర్చుని చెప్పడం తేలికే.

2020లో తెలంగాణలో టీఎస్ బీపాస్ చట్టం తెచ్చారు. 75 గజాల్లోపు స్థలంలో చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. అంతకు మించిన మామూలు ఇళ్ళకి యజమాని స్వయంగా ఇచ్చే హామీ. అబద్ధమని తేలితే నోటీసు లేకుండా కూల్చొచ్చు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. కానీ అబద్ధం బయటపడేసరికి ఆ ఇంట్లో కుక్కరు కూత వేస్తూంటే?

హైటెక్ సిటీకి దగ్గర్లోనే, గచ్చిబౌలి సిద్ధిఖ్ నగర్‌లో 2024 నవంబరులో ఇలాంటిదే జరిగింది. పక్క స్థలంలో పునాదికి గొయ్యి తవ్వితే, బుల్లి జాగాలో లేచిన అంతస్తుల మేడ ఒరిగిపోయింది. జనం భయంతో బయటికి పరుగెత్తారు. చివరికి మేడనే కూల్చేశారు. గొయ్యి తవ్వుతున్నప్పుడు "ఆగండి" అనగలిగిన మనిషి, ఎవరి జీతగాడూ కాని మనిషి, అక్కడ ఒక్కరుంటే ఎంత బావుండేది!

మనవాళ్ళ పిల్లలు బోలెడుమంది ఉన్న సిడ్నీలో 1998 నుంచీ ప్రైవేటు సర్టిఫయర్లున్నారు. అయినా 2018 క్రిస్మస్ ముందురోజు ఓపల్ టవర్ అనే కొత్త భవనం పగుళ్ళిచ్చి, కాపురాలన్నీ వీధిన పడ్డాయి. 2020లో కొత్త చట్టం చేసి, లోపాలున్న భవనంలో కాపురానికి పత్రం ఇవ్వకుండా ఆపే అధికారం ప్రభుత్వం తీసుకుంది.

నన్నడిగితే బిల్డరు ఫీజు మునిసిపాలిటీకి కట్టాలి, ఇంజనీరుని వాళ్ళు చీటీ తీసి పంపాలి. అందాకా మన ఇంజనీరుని మనమే తీసుకెళ్ళాలి. ఆయన ఫీజు మన వంటింటి అలమార్ల ఖర్చులో ఎన్నోవంతు!

మొన్న కొండాపూర్‌లో ఫ్లాటు చూడ్డానికి వెళ్ళిన మా స్నేహితురాలు, "దీనికి సంతకం పెట్టిన స్ట్రక్చరల్ ఇంజనీరెవరమ్మా?" అనడిగిందట. "ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ" అని, అక్కడున్న అమ్మాయి నవ్వుతూ ఈతకొలను బొమ్మ చూపించిందట.