అధికారమును శ్రవణమును

ఆజ్ఞాపించుట యొక విద్య యని యెల్లరు నెఱుగుదురు. ఆలకించుటయు నొక విద్యయే యని యెఱిగినవారు అరుదు. పదిమందిచే పని చేయించువానికి నాలుక కంటె చెవియే ముఖ్యమని నా తలంపు.

ఉపాధ్యాయుడనైన తొలినాళ్లలో మా తరగతి గది దూలమొకటి వానకాలపు రాత్రి కూలెను. పిల్లలు లేని వేళ యగుటచే ప్రాణహాని తప్పినది. దూలమునకు చెదలు పట్టిన సంగతి బంట్రోతు ముందే యెఱుగును. ఏల చెప్పలేదని గద్దించితిని. "పోయినేడు గోడ బీటలిచ్చిందని చెబితే, నీ పని నువ్వు చూసుకో అన్నారు కదండీ పంతులుగారూ" అని వాడు తల వంచుకొనెను. ఆ మాట యన్నవాడను నేనే.

ఈ దోషము బడులకే పరిమితము కాదు. 1986 జనవరి 28వ తేదీన అమెరికాలో ఛాలెంజర్ అను వ్యోమనౌక యెగసిన 73 సెకనులకే విచ్ఛిన్నము కాగా, అందలి యేడుగురును మృతినొందిరి. వారిలో నొకతె ఉపాధ్యాయిని. రాకెట్టు అతుకులలోని రబ్బరు వలయములు చలికి బిగిసి వేడి వాయువుల నాపజాలవేమో యని ముందునాటి రాత్రియే ఇంజనీరులు హెచ్చరించిరి. తొలుత వారి పక్షము వహించిన కంపెనీ యధికారులు పైవారి యసమ్మతిని చూచి తమ సలహాను మార్చుకొనిరి. ఆ యభ్యంతరము తుది యనుమతి నిచ్చిన పెద్దల చెవి సోకనే లేదని విచారణ సంఘము అదే సంవత్సరమున తేల్చెను. జ్ఞానము లేకపోలేదు, అది పైకి పోవు త్రోవయే మూసికొనిపోయెను.

సత్యము చెప్పుట సేవకుని ధర్మము కాదా యని కొంద రడుగవచ్చును. అగును. కాని యిరువురి నష్టమును తూచి చూడుడు. చెప్పినవానికి జీవనోపాధియే పోవచ్చును. విన్నవానికి పోవునది కొంత యభిమానము మాత్రమే. కావున తలుపు తెఱచు భారము బలవంతునిదే. రావణునకు హితము చెప్పినవారు లేరా? మారీచుడు చెప్పెను, విభీషణుడు చెప్పెను. కొఱత చెప్పువారిది కాదు, వినువానిది.

వినుట యనగా చెప్పినదెల్ల చేయుట కాదు. విని, విచారించి, కాదన్నచో కారణము చెప్పుట. "అంతయు సవ్యమేనా?" యని యధికారి యడిగిన, "చిత్తము" అను నుత్తరమే వచ్చును. "లోప మెక్కడ నున్నది?" అని యడుగవలెను. చెప్పినవానిని మరునాడును అదే యాదరముతో చూడవలెను. నాటినుండి నేను బంట్రోతును ప్రతి సోమవారము అట్లే యడుగుచుంటిని. వాడు నోరు విప్పుటకు ఒక యేడు పట్టినది.