స్వయంభువుకు కారణం ఉంటుందా?

మనిషి చెక్కకుండా, ప్రతిష్ఠించకుండా తనంతట తాను వెలసిన మూర్తిని స్వయంభువు అంటారు. అనంతగిరి కొండల్లో బొర్రా గుహలలోని శివలింగం అలాంటిదే. గుహ కప్పు కన్నంలోంచి ఆవు జారిపడితే, వెతుక్కుంటూ దిగిన కాపరికి ఆ లింగం కనిపించిందని స్థానిక కథ.

అలాంటి రూపాలు ఏర్పడే తీరు తెలిసినదే. వాననీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తుంది. గుహలో చుక్కగా రాలేటప్పుడు ఆ వాయువు వదిలిపోయి, కరిగిన సున్నం కాల్సైటుగా పేరుకుంటుంది. గుహల్లో ఈ పనికి సూక్ష్మజీవులూ తోడవుతాయి. కొన్ని బ్యాక్టీరియా చుట్టూ ఉన్న నీటి ఆమ్లగుణాన్ని తగ్గిస్తాయి. వాటి కణాల పైపొర కాల్షియాన్ని పట్టుకుంటే స్ఫటికం అక్కడే మొదలవుతుంది. బొర్రా ఊటల దగ్గరి నారింజరంగు పొరలు సూక్ష్మజీవులవే. వాటిలో ఇనుము పేరుకుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి సెక్టర్ 6లో స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఇలా సూక్ష్మజీవుల చేయి ఉన్న రాయి తమ ప్రాంతంలోనే ఉంది. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన అక్కడి ఉక్కు కర్మాగారానికి నందిని గని సున్నపురాయినిచ్చింది. ఆ ప్రాంతపు సున్నపురాతి పొరల్లో స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. వంద కోట్ల ఏళ్లకు పూర్వం, లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు పొరమీద పొరగా కట్టిన రాళ్లవి.

మరి కారణం తెలిశాక లింగం స్వయంభువేనా? కుండకు మట్టి ఉపాదాన కారణం, కుమ్మరి నిమిత్త కారణం అంటుంది వేదాంతం. లింగానికి సున్నం మట్టి వంటిది; నీరు, సూక్ష్మజీవులు పనిచేస్తాయి గాని రూపాన్ని ముందుగా తలచుకోవు. స్వభావవాది ఇక్కడే ఆగి, వస్తువుల స్వభావం చాలు, దేవుడు అక్కర్లేదంటాడు. అద్వైతి రెండు కారణాలూ బ్రహ్మమేనంటాడు. అందుకు ఉపమానం ముండకోపనిషత్తు చెప్పిన సాలెపురుగు: అది దారాన్ని తనలోంచే తీస్తుంది. ఇద్దరూ ఒప్పుకునే వాస్తవాలు ఒకటే. కాబట్టి బ్యాక్టీరియాను గుర్తించినంత మాత్రాన ఈ వాదం తేలదు. స్వయంభువు అన్న మాట శిల్పిని కాదంటుంది, కారణాన్ని కాదనదు.

అయితే కారణం తెలిసినవారి బాధ్యత పెరుగుతుంది. నీటిచుక్క రాలినంతకాలం ఆ రాతి నిర్మాణం సాగుతూనే ఉంటుంది. చేతి జిడ్డు, దీపపు మసి దాన్ని చెడగొడతాయి. విద్యుద్దీపాల వెలుగుకు గోడల మీద నాచు పడుతుంది. తనంతట తాను వెలసే దాన్ని వెలయనివ్వడం కూడా ఆరాధనే.