వెనకబడినవాడి కోసం ఆగాలా?

బెంగళూరు నుంచి నలుగురైదుగురు స్నేహితులు సైకిళ్లకు గుడారాలు, గిన్నెలు కట్టుకుని ఉత్తరంగా బయల్దేరితే దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రలో అడుగుపెడతారు. అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి వదిలి పడమటికి తిరిగితే చిలమత్తూరు, ఆపైన లేపాక్షి, హిందూపురం. రోజుల తరబడి సాగే ఇలాంటి ప్రయాణాన్ని తీర్థయాత్రతో పోల్చేవాళ్లున్నారు. తక్కువ సామాను, ఆరుబయట పడక, ఒంటికి శ్రమ అన్నీ వైరాగ్యానికి గుర్తులేనంటారు. ఆ వాదన నాకు మింగుడుపడదు. ఇంట్లో మంచం అలాగే ఉండగా నాలుగు రాత్రులు నేలమీద పడుకుంటే అది త్యాగమెలా అవుతుంది? పైగా కరువు తరిమితే ఊళ్లకు ఊళ్లు వలసపోయిన సీమలో, కోరి తెచ్చుకున్న కష్టాన్ని తపస్సు అనడానికి కాస్త మొహమాటపడాలి. ఈ ప్రయాణంలో ధర్మానికి సంబంధించిన చిక్కు ఏదైనా ఉంటే అది వేరేచోట ఉంది. గుంపులో ఒకడు వెనకబడ్డాడు. మిగతావాళ్లు ఆగాలా, సాగిపోవాలా? ఆగితీరాలని నా వాదన. జాలిపడి ఆగమనడం లేదు, అది అతనికి రావలసిన బాకీ అంటున్నాను.

ఇతిహాసాలు దీనికి ఒకే జవాబు చెప్పవు. మహాప్రస్థానిక పర్వంలో పాండవులు ద్రౌపదితో, వెంటవచ్చిన కుక్కతో హిమాలయాల దారి పడతారు. ముందు ద్రౌపది కూలిపోతుంది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. ధర్మరాజు వెనుదిరిగి చూడడు. ద్రౌపదికి అర్జునుడంటే పక్షపాతమనీ, సహదేవుడికి తన తెలివిమీద గర్వమనీ, పడినవాళ్ల తప్పులు మాత్రం భీముడికి వివరిస్తూ నడుస్తాడు. (వెనకబడినవాడి లోపం ముందున్నవాడికి ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తుంది.) అదే మనిషి ఇంద్రుడి రథం ముందు నిలబడి, కుక్కను వదిలి ఎక్కనంటాడు. తమ్ముళ్లను వదిలినవాడివి కుక్కనెందుకు వదలవని ఇంద్రుడు నిలదీస్తే, బతికుండగా వాళ్లను విడవలేదనీ, పోయినవాళ్లను లేపడం తనవల్ల కాదనీ చెబుతాడు. అంటే సాగిపోవడానికి ఆయన దగ్గరున్న సాకు మరణం ఒక్కటే. గేరు జారినవాడికీ పిక్క పట్టేసినవాడికీ అది వర్తించదు.

లేపాక్షిలో మరో కథ వినిపిస్తుంది. రావణుడితో పోరాడి జటాయువు పడిపోయింది ఇక్కడేనని స్థానికుల నమ్మకం. పెద్ద బండమీద ఆ పక్షి విగ్రహం కూడా నిలిపారు. స్థలం సంగతి ఎలా ఉన్నా, అరణ్యకాండలో రాముడు ఒక్క గడియ కూడా పోగొట్టుకోలేని స్థితిలో ఆగాడు, ఆ పక్షికి తండ్రికి చేసినట్టు దహనసంస్కారం చేశాడు. సీతను ఎత్తుకుపోయింది రావణుడని తెలిసింది ఆ పక్షి చెబితేనే. ఆగకుండా పరుగెత్తి ఉంటే ఎవరిని వెంటాడేవాడు?

బాకీ అనడానికి సైకిలే సాక్ష్యం. చదును రోడ్డుమీద వేగంగా తొక్కేవాడి శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఒకరి చక్రం వెనక ఒకరు వెళితే వెనకున్నవాళ్లకు ఆ భారం తగ్గుతుంది. నైరుతి గాలి ఈ పీఠభూమిమీద ఎంత బలంగా వీస్తుందో రామగిరి కొండలమీది గాలిమరలే చెబుతాయి. ఎదురుగాలిలో మనుషులు వంతులేసుకుని ముందుకు వస్తారు కాబట్టి, సాయంత్రానికి ఎవడి వేగం వాడి సొంతమని చెప్పుకోవడం కుదరదు. ఎత్తు మొదలవగానే లెక్క మారుతుంది. వేగం పడిపోతుంది, గాలి చాటు పనికిరాదు, ఒంటి బరువూ సామాను బరువూ నిర్ణయిస్తాయి, గుంపు చెదిరిపోతుంది. వంటగిన్నెలు మోస్తున్నవాడు వెనకబడితే, ముందున్నవాడి చురుకుదనంలో సగం వాడి సంచిలోనే ఉంది.

ముక్తి మార్గం ఒంటరిది కదా అనవచ్చు. ఖడ్గమృగం కొమ్ములా ఒంటరిగా తిరగమని బౌద్ధుల సుత్తనిపాతంలో బోధ ఉంది. అయితే వివేకవంతుడైన తోడు దొరికితే అతనితోనే వెళ్లమని అక్కడే ఉంది. తోడు దొరకనివాడికి చెప్పిన ఏకాంతాన్ని, తోడును దారిలో వదిలేసినవాడు వాడుకోకూడదు. ఒంటరిగా తొక్కాలనుకున్నవాడు బయల్దేరే ముందే ఆ మాట చెబితే ఏ గొడవా లేదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఎండ నుంచి వస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే పాత అనంతపురం జిల్లాలో, మిట్టమధ్యాహ్నం రోడ్డుమీద అందరూ నిలబడిపోతే ఒకరి అలసట అందరికీ వడదెబ్బ అవుతుంది. నిజమే. కానీ అది ఆగడంలోని తప్పు కాదు, రోజుకు ఎంత దూరమో బలవంతుడి కాళ్లతో కొలిచినందువల్ల వచ్చింది. నెమ్మదైనవాడి కాళ్లతో కొలిస్తే ఎండ ముదిరేలోపే నీడ దొరుకుతుంది. చిలమత్తూరు మండలంలోని వీరాపురానికి ఏటా పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి, ఊరి చెట్లమీద గూళ్లు కట్టి, పిల్లలకు రెక్కలొచ్చాకే కదులుతాయి. పక్షులది సహజప్రవృత్తి, దాన్ని ధర్మమనలేం. నెలల తరబడి ఆ వాసననూ గోలనూ భరించి వాటి జోలికి పోని ఊరివాళ్లది మాత్రం నిర్ణయమే. వాళ్ల లెక్కలో గడువు పెట్టేది ఇంకా ఎగరలేని పిల్ల.

చివరగా, ఆగితే వెనకబడినవాడికి అవమానమంటారు. అవమానం ఆగడంలో లేదు, ఆగే తీరులో ఉంది. ముందుగా ఎత్తెక్కినవాళ్లు చెట్టుకింద కూర్చుని నీళ్లు తాగి, సేదతీరి, చివరివాడు రొప్పుతూ రాగానే పదండి అంటూ లేస్తారు. అందరికన్నా అలసినవాడికే విశ్రాంతి లేకుండా పోతుంది. వాళ్లు ఆగారని ఒప్పుకోవాలంటే, అతను వచ్చిన తర్వాత గడిచిన నిమిషాలనే లెక్కపెట్టాలి.